తాత కారును షోకు తీసుకెళ్తున్నారా? పాలిష్ కంటే ముందు ఆర్సీ చూడండి

పసుపు సీజన్‌లో ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల ముందు, కల్లాల్లో ఆరబోసిన కొమ్ములే కనిపిస్తాయి. కొన్ని ఇళ్లలో ఆ కుప్పల వెనక షెడ్డులో టార్పాలిన్ కప్పిన కారు కూడా ఒకటి ఉంటుంది. తాత పసుపు అమ్మిన డబ్బుతో కొన్న అంబాసిడరో, నాన్న పెళ్లికి వచ్చిన ప్రీమియర్ పద్మినియో, పొలానికీ సంతకూ తిరిగిన మహీంద్రా జీపో. హైదరాబాద్‌లో ఈ వారాంతం పాత కార్ల ప్రదర్శన ఉందని వాట్సాప్‌లో చూడగానే మీకు ఆ కారే గుర్తొస్తుంది. మెకానిక్‌ను పిలుస్తారు, బ్యాటరీ మారుస్తారు, బాడీకి పాలిష్ పెట్టిస్తారు.

పసుపు కొమ్మును ఉడకబెట్టి, ఎండబెట్టాకే పాలిష్ డ్రమ్ములో వేస్తారు. పచ్చి కొమ్మును డ్రమ్ములో తిప్పితే మెరుపు రాదు. పాత కారు విషయంలో ఆ ముందు పని కాగితాలది. ఆర్సీ గడువు తీరిందా? కారు ఇంకా చనిపోయిన తాత పేరునే ఉందా? 50 ఏళ్లు దాటితే ‘వింటేజ్’గా మార్పించుకోవాలా, వద్దా? ఈ మూడో ప్రశ్నకు తొందరపడి జవాబు చెబితే, ఇంటి కారును మీరే ఇంట్లో కట్టేసుకున్నట్టవుతుంది. అదెలాగో వరుసగా చూద్దాం.

15 ఏళ్లు దాటితే తుక్కుకే వెయ్యాలా?

అక్కర్లేదు. చాలామందిలో ఉన్న ఈ భయం ఢిల్లీ వార్తల వల్ల వచ్చింది. 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై ఆంక్షలు ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. తెలంగాణలో సొంత కారుకు అలాంటి వయసు నిషేధం లేదు. పరీక్షలో నెగ్గి, ఫీజులు, పన్నులు కట్టినంత కాలం ఆ కారు రోడ్డు మీద తిరగొచ్చు.

అయితే 15 ఏళ్ల లెక్కకు వేరే అర్థం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 41 ప్రకారం సొంత వాహనం ఆర్సీ 15 ఏళ్లపాటు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది కాబట్టి, ఆఖరున బయటకొచ్చిన కారుకు కూడా 2029 నాటికి ఆ 15 ఏళ్లు నిండుతాయి. ప్రీమియర్ పద్మినీలన్నీ ఆ గీత ఎప్పుడో దాటేశాయి. అంటే షెడ్డులో ఉన్న ఏ పాత కారుకైనా మొదట చూడాల్సింది ఆర్సీ మీదున్న గడువు తేదీ.

గడువు తీరిపోయి ఉంటే?

రెన్యువల్‌కు ఫారం 25లో దరఖాస్తు చేయాలి. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచే దీనికి అవకాశం ఉంటుంది. కారును రవాణా శాఖ అధికారికి చూపించాలి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోతున్నాయా, బ్రేకులు, లైట్లు, హారన్, టైర్లు బాగున్నాయా అని ఆయన చూస్తారు.

ఫీజు కారు వయసును బట్టి మారుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు రూ.5,000, బైకుకు రూ.1,000 అయింది. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన బండ్లకు వేరే వరుస పెట్టింది. కారుకు రూ.10,000, బైకుకు రూ.2,000. దిగుమతి చేసుకున్న కార్లకు ఇంకా చాలా ఎక్కువ. వీటికి తోడు రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. ఈ మొత్తాలు తరచూ మారుతున్నాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజు పోర్టల్‌లో కనిపించే అంకెనే లెక్కలోకి తీసుకోండి.

అసలు దెబ్బ ఆలస్యం దగ్గర తగులుతుంది. గడువు దాటాక ప్రతి నెలకు కారుకు రూ.500, బైకుకు రూ.300 అదనపు రుసుము నిబంధనల్లో ఉంది. రెండేళ్లు మరచిపోతే కారుకు అదే రూ.12,000. అంటే రెన్యువల్ ఫీజును మించిపోతుంది. కారు బయటికి తియ్యడం లేదు కదా అని ఊరుకుంటే ఈ మీటర్ ఆగదు.

ఇంకో చిక్కు. గడువు తీరిన కారును తనిఖీకి నడుపుకుంటూ వెళ్తే, దారిలో అది రిజిస్ట్రేషన్ లేని బండి కిందికే వస్తుంది. సెక్షన్ 192 కింద మొదటిసారికే రూ.5,000 వరకు జరిమానా పడొచ్చు. అందుకే ఇలాంటి కారును లారీపై ఎక్కించి తీసుకెళ్లడమే మంచిది.

కారు తాత పేరున ఉంటే?

పాత కార్లలో ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే. పెద్దాయన పోయి పదేళ్లయినా ఆర్సీ ఆయన పేరునే ఉంటుంది. అన్నదమ్ములు పొలం పంచుకుంటారు, ఇల్లు పంచుకుంటారు, కారు సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు.

యజమాని చనిపోతే ఆయన తర్వాత బండిని వాడుకునేవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. ఆ మూడు నెలలపాటు కారును వాడుకోవడానికి నిబంధనలు అవకాశం ఇస్తాయి. గడువు ఎప్పుడో దాటిపోయినా ఇప్పుడైనా మార్పించుకోవడం తప్పదు. మరణ ధ్రువపత్రం, అసలు ఆర్సీ, ఇన్సూరెన్స్, వారసులెవరో చెప్పే పత్రం, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. ఒక సంతకం కోసం దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న తమ్ముడి దాకా వెళ్లాల్సి రావచ్చు. షోకు రెండు వారాల ముందు మొదలుపెడితే ఇది తేలదు.

యజమాని పేరు సరిగా లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. కాబట్టి రెన్యువల్ కంటే ముందు పేరు సంగతి తేల్చుకోండి. ఇప్పుడు కారు మీ పేరుకు మారితే నామినీని కూడా చేర్చండి. 2021లో వచ్చిన సవరణతో ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలు కలిగింది. మీ పిల్లలకైనా ఈ తిప్పలు తప్పుతాయి.

‘వింటేజ్’ అంటే చట్టం ఏమంటోంది?

మాటల్లో మనం పాత కారు దేన్నైనా వింటేజ్ అనేస్తాం. ఔత్సాహికుల సంఘాలు తయారైన సంవత్సరాన్ని బట్టి వింటేజ్, క్లాసిక్ అని విడదీస్తాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కనీసం 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో కాపాడుతున్న, రోజువారీ ప్రయాణానికి వాడని బండిని ‘చారిత్రక వాహనం’గా గుర్తిస్తుంది. షో నిర్వాహకులు ఏ కొలత వాడతారో వాళ్లనే అడగాలి.

చట్టానికి ఒకటే కొలత, 50 ఏళ్లు. కేంద్ర రవాణా శాఖ 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు చేర్చింది. వాటి ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత అవసరానికి వాడుతున్న కారు లేదా బైకు వింటేజ్ అవుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి.

ఈ లెక్కన 1972లో రిజిస్టరైన అంబాసిడర్ మార్క్ 2 2022లోనే అర్హత పొందింది. 1985లో కొన్న పద్మిని 2035 దాకా ఆగాలి. షోలో దాన్ని ‘క్లాసిక్’ వరుసలో నిలబెట్టొచ్చు గానీ, రవాణా శాఖ లెక్కలో అది మామూలు పాత కారే.

అసలు రూపం అన్న షరతు దగ్గర మన జిల్లాల్లో చాలా కార్లు ఆగిపోతాయి. పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్ బిగించుకున్న రోజులున్నాయి. ఆ మార్పు ఆర్సీలో ఎక్కి ఉంటే మామూలు రెన్యువల్‌కు ఇబ్బంది ఉండదు. ఎక్కకపోతే ఇంజిన్ నంబరు తేడాతో తనిఖీలోనే ఆగుతుంది. వింటేజ్‌కైతే ఇంజిన్ మార్చిన బండి అర్హత కోల్పోయే అవకాశమే ఎక్కువ.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఎలా?

పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్, పాత ఆర్సీ జతచేయాలి. విదేశం నుంచి తెచ్చిన కారైతే కస్టమ్స్ వాళ్లిచ్చిన బిల్ ఆఫ్ ఎంట్రీ కావాలి. రాష్ట్రం నియమించిన కమిటీ బండిని చూసి అర్హత తేలుస్తుంది. ఒప్పుకుంటే 60 రోజుల్లోగా ఫారం 23ఏలో ఆర్సీ ఇస్తారు.

కొత్తగా రిజిస్టర్ చేస్తే రూ.20,000, తర్వాత మళ్లీ రిజిస్టర్ చేయించుకోవడానికి రూ.5,000. ఒకసారి ఇచ్చిన ఆర్సీ 10 ఏళ్లు చెల్లుతుంది. ఇదివరకే మన దేశంలో రిజిస్టరైన కారుకు పాత నంబరే ఉంచుకోవచ్చు. తాత కాలంనాటి మూడక్షరాల నంబరు ప్లేటు మీద మమకారం ఉన్నవాళ్లకు ఇది మంచి కబురు. కొత్తగా రిజిస్టరయ్యే బండికి రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అనే అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది.

రెండు రోజుల్లో వింటేజ్ ఆర్సీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. కమిటీ బండిని చూడందే ఆ పత్రం రాదు.

మరి మార్పించుకోవాలా, వద్దా?

వింటేజ్‌గా రిజిస్టరైన కారును రోడ్డు మీదికి తియ్యడానికి నిబంధనలు కొన్ని సందర్భాలే చెప్పాయి. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోల్ పోయించుకోవడం, మరమ్మతు, వీటికోసం వెళ్లి రావడం. రోజువారీ ప్రయాణానికి, వ్యాపారానికి వాడకూడదు.

ఆర్మూర్‌లో మీ జీవితానికి దీన్ని అన్వయించి చూడండి. ఆదివారం కుటుంబాన్ని ఎక్కించుకుని సిద్ధులగుట్ట మీది నవనాథ సిద్ధేశ్వరుడి దర్శనానికి వెళ్లడం ఆ జాబితాలో లేదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ధర కనుక్కురావడమూ లేదు. చెల్లెలి పెళ్లిలో అప్పగింతలయ్యాక పెళ్లికూతురిని తాత కారులోనే సాగనంపాలన్న కోరిక కూడా ఆ జాబితాలో లేదు.

కాబట్టి నిర్ణయం ఇలా తీసుకోవచ్చు. మీ కారు ఏడాదికి నాలుగైదు షోలకు తప్ప కదలదు, మిగతా రోజులు కవరు కిందే ఉంటుంది అనుకుంటే వింటేజ్ దారి బాగుంటుంది. ఐదేళ్లకోసారి తిరిగే పని తప్పి పదేళ్ల ఆర్సీ దొరుకుతుంది, ఇన్సూరెన్స్‌లో తగ్గింపు ఉంటుంది. అదే కారు ఇంకా ఇంటి మనిషిలా పెళ్లికి, గుడికి, పొలానికి రావాలనుకుంటే మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకుంటూ రండి. మామూలు ఆర్సీతో షోకు వెళ్లడాన్ని చట్టం అడ్డుకోదు. వింటేజ్ ఆర్సీతో పెళ్లికి వెళ్లడానికి మాత్రం ఒప్పుకోదు.

ఇన్సూరెన్స్, పొగ పరీక్ష సంగతేంటి?

ఒక్కరోజు నడిపినా థర్డ్ పార్టీ బీమా ఉండాల్సిందే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం రూ.3,416, జీఎస్టీ అదనం. 1,489 సీసీ పెట్రోల్ అంబాసిడర్, 1,089 సీసీ పద్మిని రెండూ ఈ వరుసలోకే వస్తాయి. వింటేజ్‌గా రిజిస్టరైన కారుకు ఇందులో 50 శాతం తగ్గింపు ఉంది. అంటే రూ.1,708. ఆదా అయ్యేదీ అంతే. ఈ తగ్గింపు ఒక్కదాని కోసమే వింటేజ్‌కు మారడం లెక్కలో నిలవదు.

కారుకే నష్టం జరిగితే థర్డ్ పార్టీ పాలసీ పైసా ఇవ్వదు. సొంత నష్టానికి కూడా బీమా తీసుకుంటే విలువ దగ్గర జాగ్రత్తపడండి. ఐదేళ్లు దాటిన, తయారీ ఆగిపోయిన మోడళ్లకు విలువను బీమా సంస్థ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకోవాలి. కంప్యూటర్ చూపించే అంకెకు తలూపకుండా, కారు ఫొటోలు, మరమ్మతు బిల్లులు, వాల్యుయర్ ఇచ్చిన రిపోర్టు ముందు పెట్టి మాట్లాడండి.

పొగ పరీక్షకు భయపడక్కర్లేదు. పాత కారును కొత్త కారు కొలతతో కొలవరు. భారత్ స్టేజ్ 2 కంటే ముందు తయారైన పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాకా అనుమతి ఉంది. కార్బురేటర్ సరిగా ట్యూన్ చేయించి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజిన్ వేడెక్కాక పరీక్షకు పెట్టండి. పాత కార్లకు ఈ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. షో తేదీకి అది బతికే ఉండేలా చూసుకోండి.

ఆర్మూర్ నుంచి దారిలో

ఆర్మూర్ నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఇందల్వాయి, భిక్కనూరు, మనోహరాబాద్ దగ్గర టోల్ ప్లాజాలుంటాయి. ఏళ్లతరబడి షెడ్డులో ఉన్న కారుకు ఫాస్టాగ్ ఉండకపోవచ్చు. 2025 నవంబరు 15 నుంచి చెల్లే ఫాస్టాగ్ లేని బండి నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింపావు వంతు టోల్ చెల్లించాలన్న నిబంధన వచ్చింది. ఫాస్టాగ్‌కు ఆర్సీ కావాలి కాబట్టి అది పేరు మార్పు, రెన్యువల్ అయ్యాక చేయించుకునే పని.

పత్రాలు ఫోన్‌లో డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో చూపిస్తే చెల్లుతాయి. కానీ పుస్తకం రూపంలో ఉన్న పాత ఆర్సీల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కకపోయి ఉండొచ్చు. నంబరు కొట్టి చూడండి. రాకపోతే వివరాలు ఎక్కించమని రవాణా కార్యాలయంలో అడగండి. అప్పటిదాకా అసలు పుస్తకమే కారులో ఉండాలి.

బండి సంగతి కూడా రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది పాతకాలపు రబ్బరు గొట్టాలను, వాచర్లను మెత్తబరుస్తుంది. ఎక్కువ రోజులు ట్యాంకులో ఉంటే తేమ పట్టి తుప్పు పెంచుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించండి, పాత పెట్రోల్ తీయించి ట్యాంకు కడిగించండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. అరుగుదల లేకపోయినా పదేళ్ల కిందటి టైరుతో హైవే ఎక్కొద్దు. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉంటాయి. ముందు బండికి మామూలు కంటే ఎక్కువ ఎడం ఇవ్వండి.

వారం ముందు అంకాపూర్ మీదుగా నిజామాబాద్ దాకా ఒకసారి వెళ్లి రండి. రేడియేటర్ నీళ్లు, ఆయిల్, బ్రేకులు ఆ ప్రయాణంలోనే అసలు సంగతి చెప్పేస్తాయి. ఆ దూరమే తట్టుకోలేని కారును, ఆర్సీ పని ఇంకా పూర్తికాని కారును లారీ మీదే పంపండి. ఒకటి గుర్తుంచుకోండి. ఆర్సీ చెల్లని కారును లారీ షో దాకా చేరుస్తుంది గానీ, అక్కడ రోడ్డు మీద జరిగే ర్యాలీలో నడిపే హక్కు మాత్రం ఇవ్వదు.

షోలో ఏం చూస్తారు?

హైదరాబాద్‌లో పాత కార్ల ముచ్చట ఈనాటిది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964 నుంచే పాత కార్ల ర్యాలీ నడుపుతోంది. హైదరాబాద్‌లో డెక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంఘాలున్నాయి.

రాజుల కార్ల పక్కన మన అంబాసిడర్‌ను ఎవరు చూస్తారని వెనకాడకండి. ఇలాంటి చోట మెరుపు ఒక్కటే కాదు, కారు అసలు రూపంలో ఎంత మిగిలిందో, దాని కథ ఏమిటో కూడా చూస్తారు. అసలు స్టీరింగ్, అసలు మీటర్లు, కొన్ననాటి బిల్లు, తాత కారు పక్కన నిలబడిన ఫొటో ఉంటే వెంట తీసుకెళ్లండి. అవి కొత్త పెయింటు కంటే విలువైనవి. నిర్వాహకులు ప్రవేశానికి ఏ పత్రాలు అడుగుతారో ముందే కనుక్కోండి.

ఈ వరుసలో చేయండి

మొదట ఆర్సీ తీసి పేరు, గడువు, ఇంజిన్ నంబరు చూడండి. పేరు వేరేవాళ్లదైతే మార్పిడి. తర్వాత బీమా, పొగ సర్టిఫికెట్. పాత చలానాలుంటే కట్టేయండి. ఆ తర్వాత ఆర్సీ రెన్యువల్, లేదా బాగా ఆలోచించుకుని వింటేజ్ దరఖాస్తు. చివరగా ఫాస్టాగ్. దీనికంతటికీ కనీసం మూడు నెలలు పెట్టుకోండి. షో తేదీ చూసి కాకుండా, పసుపు అమ్మకాలు అయిపోయి ఇంట్లో కాస్త తీరిక దొరికినప్పుడే మొదలుపెడితే నయం.

ఈ వారాంతానికి అందకపోతే ఏమీ కాదు, షోలు మళ్లీ వస్తాయి. ఆలస్య రుసుము మాత్రం ప్రతి నెలా పెరుగుతూనే ఉంటుంది. ఈ ఆదివారం టార్పాలిన్ తీసి కారు కడగండి. సోమవారం ఆర్సీ పట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లండి.